జనవరిలో వసంతపు ఆకులు: జపాన్ భోజనంలో రెండు పంచాంగాలు

జనవరి 7 ఉదయం టోక్యోలో చలి ఎముకలు కొరుకుతుంది. దానికి రెండు మూడు రోజుల ముందు నుంచే సూపర్ మార్కెట్లలో కూరగాయల పక్కన చిన్న ప్లాస్టిక్ పెట్టెలు పేరుస్తారు. వాటి మీద ‘వసంతపు ఏడు ఆకులు’ అని రాసి ఉంటుంది. సెరి, నజునా, గోగ్యో, హకోబెరా, హొతోకెనోజా, సుజునా, సుజుషిరో. చివరి రెండూ లేత టర్నిప్, లేత ముల్లంగి. మిగిలినవి చేలగట్ల మీద, నీటి ఒడ్డున తమంతట తాము మొలిచే మొక్కలు. వీటిని సన్నగా తరిగి, మెత్తగా ఉడికిన అన్నపు జావలో ఉప్పుతో కలిపి ఆ ఉదయం తింటారు. పేరు నానాకుసా గాయు. కొత్త సంవత్సరపు విందులతో అలసిన పొట్టకు విశ్రాంతి, ఏడాదంతా రోగాలు రాకుండా రక్ష అని చెబుతారు.

ఎదొగవా వార్డులో కాపురం పెట్టిన మొదటి ఏడాది నేను ఆ పెట్టె కొన్నాను. జావ బాగుంది. కానీ కిటికీ బయట నేల గట్టిగా గడ్డకట్టి ఉంది, పచ్చటి ఆకు ఒక్కటి లేదు. వసంతం ఎక్కడుంది? పొరుగింటి పెద్దావిడను అడిగితే ఆవిడ నవ్వారు. “ఇవన్నీ గ్రీన్‌హౌస్‌లో పెంచినవి. నా చిన్నప్పుడు ఈ రోజున గట్టు మీద ఏడూ దొరికేవి కావు. మా అమ్మ దొరికిన ఒకటి రెండు ఆకులతో సరిపెట్టేది” అన్నారు.

తీగ లాగితే డొంకంతా కదిలింది. మార్చి 3 ఆడపిల్లల బొమ్మల పండుగకు మరో పేరు పీచ్ పూల పండుగ. ఆ రోజుకు టోక్యోలో పీచ్ చెట్లు ఇంకా పూయవు. వెచ్చని గదుల్లో ముందుగా పూయించిన కొమ్మలు దుకాణంలో కొనుక్కోవాలి. జులై 7న నక్షత్రాల పండుగ తనబాతా. ఆ సమయానికి ఊరంతా త్సుయు అనే ముసురులో తడుస్తూ ఉంటుంది, నక్షత్రం కనిపించడమే అరుదు. పితృదేవతలు ఇంటికి వచ్చే ఓబోన్ టోక్యోలో జులైలో జరిగితే, దేశంలో చాలా చోట్ల ఆగస్టులో జరుగుతుంది. ఇక ఫిబ్రవరి 4 వస్తే టీవీలో వాతావరణం చెప్పేవారు ‘పంచాంగం ప్రకారం ఈ రోజు నుంచి వసంతం’ అంటారు. అప్పుడు ఉత్తరాన హొక్కైదోలో ఇళ్ల కప్పుల మీద మంచు తవ్వి పోస్తుంటారు.

ఋతువుల మీద ఇంత ప్రేమ ఉన్న దేశంలో తేదీలకూ ఋతువులకూ ఇంత ఎడం ఎలా వచ్చింది? చాలామంది దీనికి ఒకే జవాబు చెబుతారు: పాత పంచాంగం మారిపోయింది కదా అని. ఆ జవాబు సగమే నిజం. ఇక్కడ ఉన్నవి రెండు ముడులు. ఒకటి మనుషులు వేసింది, రెండోది ఆకాశానిది. వాటిని కలిపి లాగితే మరింత బిగుసుకుంటాయి.

మొదటిది మనుషులు వేసిన ముడి. 1872 డిసెంబర్ 31 అప్పటి జపాన్ లెక్కలో మేజీ అనే శకంలో 5వ సంవత్సరం, పన్నెండో నెల, రెండో రోజు. మర్నాడు మూడో రోజు రాలేదు. మేజీ 6, జనవరి 1 వచ్చింది. పన్నెండో నెల రెండు రోజులకే ముగిసి, దేశం చాంద్రమానపు లెక్క వదిలి పాశ్చాత్య సౌరమానంలోకి దూకింది. ప్రకటన వెలువడింది కేవలం 23 రోజుల ముందు. మరుసటి ఏడాది పంచాంగాలు అచ్చువేసి పెట్టుకున్న వ్యాపారులు నిలువునా నష్టపోయారు.

ఇంత తొందర ఎందుకు? పాశ్చాత్య దేశాలతో వ్యవహారాలు సులువవుతాయన్నది ఒక కారణం. రెండోది ఖజానా. పాత లెక్క ప్రకారం మేజీ 6లో ఒక అధిక మాసం పడుతోంది. ప్రభుత్వం అప్పటికే ఉద్యోగులకు నెలజీతాల పద్ధతికి మారింది కనుక ఆ ఏడాది పదమూడు జీతాలు ఇవ్వాలి. సౌరమానానికి మారితే పన్నెండు చాలు. పైగా రెండు రోజుల పన్నెండో నెలకు జీతమే ఇవ్వలేదు. ఒక్క మార్పుతో రెండు నెలల జీతాలు మిగిలాయి. అప్పటి ఆర్థిక వ్యవహారాలు చూసిన ఒకుమా షిగెనొబు తరువాతి కాలంలో ఈ సంగతి దాచకుండా చెప్పాడు.

పాత లెక్క ఎలా ఉండేదో తెలుగువారికి బోధపరచడానికి శ్రమ అక్కరలేదు. అమావాస్య దగ్గర నెల మారుతుంది, పౌర్ణమి నెల నడిమికి వస్తుంది. చాంద్ర సంవత్సరం సౌర సంవత్సరం కంటే సుమారు పదకొండు రోజులు ముందే ముగిసిపోతుంటే, రెండు మూడేళ్లకోసారి అధిక మాసం వేసి సరిచేస్తారు. ఏ నెల అధికమన్నది తేల్చే పద్ధతి కూడా మనదానికి దగ్గర చుట్టం. మన దగ్గర సూర్యుడు రాశి మారని చాంద్రమాసం అధిక మాసం. అక్కడ సూర్యుడి ఏడాది ప్రయాణంలో గుర్తించిన పన్నెండు ప్రధాన బిందువుల్లో స్థూలంగా ఒక్కటీ పడని నెల అధిక మాసం. తేడా ఒక్కటే. వారు పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల నుంచి లెక్కిస్తారు, మనం స్థిర నక్షత్రాల నుంచి లెక్కిస్తాం. మన మకర సంక్రాంతి డిసెంబరు చివరి అయనం నుంచి జారి జనవరి నడిమికి రావడానికి కారణం అదే.

ఆ పాత లెక్కలో సంవత్సరాది జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య ఎక్కడో వచ్చేది. దాన్ని ఉన్నపళంగా జనవరి 1 మీద పెట్టేసరికి ఏడాది పొడుగునా పండుగలన్నీ మూడు నుంచి ఏడు వారాలు ముందుకు జరిగాయి. తేదీలో అంకెలు అవే ఉన్నాయి, వాటి కింద ఋతువు జారిపోయింది. మొదటి నెల ఏడో రోజు అంటే ఒకప్పుడు మంచు కరిగి తొలి చిగుళ్లు వచ్చే సమయం. ఇప్పుడది నడిచలికాలం. మాటలు మాత్రం ఇంకా పాత నేల మీదే నిలబడి ఉన్నాయి. జనవరి 1న పంపే శుభాకాంక్షల కార్డుల మీద ‘షిన్‌షున్’ అని రాస్తారు, అంటే కొత్త వసంతం. ‘సమిదారె’ అన్న మాటకు ఐదో నెల వాన అని అర్థం, నిజానికి అది జూన్ ముసురు. ‘సత్సుకిబారె’ ఒకప్పుడు ఆ ముసురులో ఒకరోజు తెరిపి ఇస్తే అనే మాట. ఇప్పుడు దాన్ని మే నెల నిర్మలాకాశానికి వాడుతున్నారు. భాష కూడా తేదీతో పాటు జరిగిపోయిన చోటు అది.

తేదీ జారినా అన్ని వంటలూ ఒకేలా దెబ్బతినలేదు. నాకు దీనిలో అన్నిటికంటే ఆసక్తి కలిగించే సంగతి ఇదే. కొత్త సంవత్సరపు ఓసెచి చూడండి. లక్క పూత పూసిన పెట్టెల్లో అంతస్తులుగా అమర్చే ఆ వంటకాల్లో తియ్యగా ఉడికించిన నల్ల సోయా గింజలు, హెర్రింగ్ చేప గుడ్లు, సముద్రపు కొంబు నాచుతో చుట్టిన చుట్టలు, తీపి పాకంలో కలిపిన చిన్న ఎండు చేపలు ఉంటాయి. ప్రతిదాని వెనుకా ఒక మాటల ఆట ఉంది. నల్ల గింజల పేరు ‘మమె’కు ఆరోగ్యంగా, కష్టపడి ఉండడమనే అర్థం కూడా ఉంది. ‘కొబు’ చుట్టలో ‘యొరొకొబు’ అనే సంతోషం వినిపిస్తుంది. గుడ్లు పిల్లాపాపల సమృద్ధికి గుర్తు. ఎండు చేపల పేరు ‘తజుకురి’, అంటే పొలం చేసేవి. ఒకప్పుడు వాటిని వరిచేలకు ఎరువుగా వేసేవారు, అందుకే అవి మంచి పంట కోసం. ఇవన్నీ ఎండబెట్టినవో, ఉప్పులో నిలవ ఉంచినవో, చక్కెర, సోయా సాసుతో మగ్గినవో. నెల రోజులు ముందుకు జరిపినా వీటికి ఏ లోటూ రాలేదు. లేత ఆకు మీద, విరిసే పువ్వు మీద ఆధారపడిన పండుగలకే దెబ్బ తగిలింది. ఏడు ఆకులు గ్రీన్‌హౌస్‌కు వెళ్లాయి, పీచ్ కొమ్మ పూల దుకాణానికి వెళ్లింది. తొమ్మిదో నెల తొమ్మిదో రోజు చామంతి పండుగ ఇంకా దురదృష్టకరమైనది. సెప్టెంబర్ 9కి చామంతులు ఇంకా విరగబూయవు. ఒకప్పుడు ఐదు పెద్ద పండుగల్లో ఒకటైన ఆ రోజును ఇవాళ చాలా ఇళ్లలో తలచుకోవడం కూడా లేదు.

కొత్త సంవత్సరపు మరో వంటకం ఓజోని. జిగురు బియ్యాన్ని దంచి చేసిన మోచిని పులుసులో వేస్తారు. టోక్యో వైపు నలుచదరపు మోచిని కాల్చి తేటనీటి పులుసులో వేస్తే, క్యోటో వైపు గుండ్రటి మోచిని ఉడికించి తెల్ల మిసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద కలిపిన పులుసులో వేస్తారు. కగావా ప్రాంతంలో ఆ మోచి లోపల తీపి పూర్ణం కూడా ఉంటుంది. నావంటి శాకాహారులకు ఒక హెచ్చరిక: గిన్నెలో కూరగాయలే కనిపించినా, ఆ తేటనీటి రుచి చాలా చోట్ల ఎండబెట్టి చెక్కిన కత్సువో చేప నుంచి వస్తుంది. కొంబు నాచుతో మాత్రమే చేసిన రసమా అని అడగడానికి మొహమాటపడకూడదు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

1873 తర్వాత ఊరూరూ తన దారి తాను వెతుక్కుంది. ఆ దారులన్నీ ఒకేచోట కనిపించేది ఓబోన్‌లో. చనిపోయిన పెద్దలు ఇంటికి వచ్చి, మూడు నాలుగు రోజులు ఉండి వెళ్తారని నమ్మకం. దోసకాయకు నాలుగు పుల్లలు గుచ్చి గుర్రం చేస్తారు, వంకాయకు గుచ్చి ఆవు చేస్తారు. వచ్చేటప్పుడు గుర్రం మీద వేగంగా రావాలి, తిరిగి వెళ్లేటప్పుడు ఆవు మీద నెమ్మదిగా, ఒక్క అడుగు ఆలస్యంగానైనా వెళ్లాలి. దీన్ని మొదటిసారి చూసిన రోజు నేను ఆ వంకాయ ముందు చాలాసేపు నిలబడిపోయాను.

పాత లెక్కలో ఇది ఏడో నెల పౌర్ణమి చుట్టూ వచ్చేది. ప్రభుత్వం కొలువైన టోక్యోలో అంకెను నిలుపుకున్నారు కనుక జులై 13 నుంచి 16 వరకు. పల్లెల్లో జులై పొలం పనుల ఒత్తిడి కాలం. వారు అంకెను వదిలి ఋతువును పట్టుకున్నారు. సరిగ్గా ఒక నెల వెనక్కి జరిపి ఆగస్టు 13 నుంచి 16 చేసుకున్నారు. దీనికి ‘త్సుకిఒకురె’ అని పేరు, నెల ఆలస్యం అని అర్థం. ఇవాళ దేశంలో ఎక్కువ భాగం పాటించేది ఇదే. క్యోటోలో ఆగస్టు 16 రాత్రి ఐదు కొండల మీద మంటలు వెలిగించి పెద్దలను సాగనంపేది ఈ లెక్క మీదే. దక్షిణాది ద్వీపాలైన ఒకినావా మాత్రం చంద్రుణ్ని వదలలేదు. అక్కడ ఓబోన్ 2024లో ఆగస్టు 16 నుంచి 18 వరకు, 2025లో సెప్టెంబర్ 4 నుంచి 6 వరకు వచ్చింది. ఒకే దేశంలో ఒకే పండుగకు మూడు తేదీలు. ఏదీ తప్పు కాదు. మారిన లెక్కలో ఏది మిగుల్చుకోవాలి అన్న ప్రశ్నకు అవి మూడు జవాబులు: అంకె, ఋతువు, చంద్రుడు.

తనబాతా విషయంలో నా మనసు ‘నెల ఆలస్యం’ వైపే. నేతపని చేసే నక్షత్రకన్య ఒరిహిమె, ఆవులు కాసే హికొబొషి ఏడాదికొకసారి పాలపుంత దాటి కలుసుకునే రాత్రి ఇది. ఒరిహిమె మన అభిజిత్ నక్షత్రం, హికొబొషి మన శ్రవణం. ముసురు పట్టిన జులై 7న వారిని ఎవరు చూడగలరు? సెండాయ్ నగరం ఆగస్టు 6 నుంచి 8 వరకు జరుపుకుంటుంది. జపాన్ జాతీయ ఖగోళ పరిశోధనాలయం 2001 నుంచి ఏటా ‘సంప్రదాయ తనబాతా’ తేదీని విడిగా ప్రకటిస్తోంది. 2024లో అది ఆగస్టు 10, 2025లో ఆగస్టు 29. పాత లెక్కలో అది సప్తమి కనుక సగం చంద్రుడు సాయంత్రం పడమట ఉండి, రాత్రి నడిమికి ముందే అస్తమిస్తాడు. ఆ తర్వాత పాలపుంతకు చీకటి మిగులుతుంది. ఏడో రోజునే ఎందుకు ఎంచారో అలా చూస్తేనే అర్థమవుతుంది. ఆ రాత్రి తినేది చన్నీళ్లలో వేసిన సోమెన్, జుట్టులా సన్నటి గోధుమ సేమ్యా. దాని దారాలను పాలపుంతతో, నేతతో పోలుస్తారు. వేసవి వేడిలో తింటేనే ఆ చల్లదనం హాయి, ముసురులో కాదు.

అంకెకు లొంగని పండుగ త్సుకిమి, అంటే చంద్రదర్శనం. ఎనిమిదో నెల పదిహేనో రాత్రి. కొత్త లెక్కలో ఆగస్టు 15న పెడితే ఆకాశంలో పౌర్ణమి ఉంటుందన్న హామీ లేదు కనుక, ప్రధాన ద్వీపాల్లో కూడా దీన్ని పాత లెక్కలోనే చూస్తారు. కిటికీ దగ్గర సుసుకి గడ్డి కంకులు, పళ్లెంలో తెల్లటి దాంగో. బియ్యప్పిండితో చేసిన ఆ గుండ్రటి ఉండలు చూస్తే ఉండ్రాళ్లు గుర్తుకు రాని తెలుగువారు ఉండరు. ఆ చంద్రుడికి మరో పేరు ‘ఇమొ మెయ్‌గెత్సు’, దుంపల వెన్నెల. అప్పుడే తవ్విన చామదుంపలు నివేదించడం వల్ల వచ్చిన పేరు అది. క్యోటో వైపు దాంగోను గుండ్రంగా కాకుండా చామదుంపలా కోలగా చేసి పూర్ణంతో చుడతారు.

ఈ రాత్రి 2023లో సెప్టెంబర్ 29న, 2024లో సెప్టెంబర్ 17న వచ్చింది. రెండుసార్లూ అది మన భాద్రపద పౌర్ణమే. 2025లో మాత్రం అక్టోబర్ 6న, మన ఆశ్వయుజ పౌర్ణమి నాడు వచ్చింది. ఆ ఏడాది వారికి అధిక మాసం పడింది, మనకు పడలేదు. ఇందాక చెప్పిన ఒక్క తేడా ఇలా పళ్లెంలోకి వచ్చి కూర్చుంటుంది.

ఇక రెండో ముడి. ఫిబ్రవరి 4 చుట్టూ వచ్చే ‘రిస్షున్’, వసంతారంభం. చలి తగ్గకముందే వసంతం అనడానికి 1873 మార్పు కారణం కాదు. ఇది మొదటి నుంచీ సూర్యుణ్ని పట్టుకుని లెక్కించేదే. సంవత్సరాన్ని 24 భాగాలు చేసిన ఆ పద్ధతి చైనా నుంచి వచ్చింది. అందులో వసంతారంభం అంటే శీతాకాలపు అయనానికీ వసంత విషువత్తుకూ సరిగ్గా నడుమ పడే బిందువు. అది వెలుతురు లెక్క, వేడి లెక్క కాదు. పగలు పెరగడం స్పష్టంగా తెలుస్తుంది, నేల, సముద్రం మాత్రం వేడెక్కడానికి ఇంకా వారాలు పడుతుంది. ఇది పాత రోజుల్లో కూడా జనాన్ని తికమక పెట్టింది. పదో శతాబ్దపు తొలినాళ్లలో చక్రవర్తి ఆజ్ఞతో కూర్చిన ఒక కవితా సంకలనంలో మొట్టమొదటి పద్యమే దీని గురించి. సంవత్సరం ముగియకముందే వసంతం వచ్చేసింది, మరి ఈ రోజుల్ని నిరుడు అనాలా, ఈ ఏడు అనాలా అని కవి అడుగుతాడు. చంద్రుడి సంవత్సరాదీ సూర్యుడి వసంతమూ వేర్వేరని ఆనాటి చదువరులకు తెలుసు.

ఆ వసంతారంభానికి ముందురోజు సెత్సుబున్. సాధారణంగా ఫిబ్రవరి 3. 2021లో 124 ఏళ్ల తర్వాత ఫిబ్రవరి 2న వచ్చింది, సూర్యుడి లెక్క అని తెలిపే ఆనవాలు అదే. వేయించిన సోయా గింజలు చల్లుతూ ‘రాక్షసులు బయటికి, భాగ్యం లోపలికి’ అని అరుస్తారు. తర్వాత వయసుకు తగినన్ని గింజలు ఏరుకుని తింటారు. గుమ్మానికి ముళ్లాకుల కొమ్మతో సార్డీన్ చేప తల గుచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ వాసనకూ ముళ్లకూ రాక్షసులు రారట.

ఆ రాత్రే తినే ఎహోమాకి మరో పాఠం చెబుతుంది. ఆ ఏటి శుభదిక్కుకు తిరిగి, మాట్లాడకుండా, కోయకుండా తినే లావుపాటి సుషీ చుట్ట అది. ఒసాకా ప్రాంతపు అలవాటు. 1990ల చివర కన్వీనియెన్స్ దుకాణాలు దాన్ని దేశమంతా అమ్మి ‘సంప్రదాయం’ చేశాయి. మిగిలిపోయిన చుట్టలు గుట్టలుగా పారేస్తున్నారని విమర్శలు రాగా, 2019 జనవరిలో వ్యవసాయ మంత్రిత్వ శాఖ గిరాకీకి తగినన్నే చేయమని దుకాణాలను కోరవలసి వచ్చింది. వేసవిలో ‘ఎద్దు రోజు’న ఈల్ చేప తినే ఆచారానిదీ ఇలాంటి కథే. పద్దెనిమిదో శతాబ్దపు పండితుడు హిరగా గెన్నాయ్ ఒక దుకాణం కోసం రాసిన ప్రకటనతో అది వ్యాపించిందని చెప్పుకుంటారు. సహజంగా పెరిగే ఈల్‌కు కొవ్వు పట్టేది శరదృతువు నుంచి చలికాలం మొదటి వరకు, వేసవిలో కాదు. జపాన్ ఈల్‌ను 2014లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం అంతరించిపోయే ప్రమాదమున్న జాతిగా చేర్చింది. తేదీ కోసం అంత చేపను తినవలసిన అవసరం నాకు కనిపించదు.

కాబట్టి జపాన్ భోజనాన్ని ఋతువుల భోజనం అన్నప్పుడు ఏ భోజనం అని అడగాలి. పండుగ పళ్లెం తేదీని అనుసరిస్తుంది. రోజువారీ పళ్లెం ‘షున్’ను అనుసరిస్తుంది, అంటే ఆ పదార్థం అసలైన రుచికి వచ్చే కాలాన్ని. షున్‌కు అంకె లేదు, ప్రభుత్వం జరపగలిగిన తేదీ లేదు. అందులోనూ మూడు దశలు చెబుతారు. ‘హషిరి’ తొలికాపు, ‘సకారి’ నిండుకాలం, ‘నగొరి’ వెళ్లిపోతున్నప్పటి చివరి రుచి. ఏప్రిల్‌లో తవ్విన వెదురు మొలకలను ఆ రోజే బియ్యపు తవుడు కలిపిన నీళ్లలో ఉడికించి చేదు తీస్తారు. కత్సువో చేప వసంతం చివర ఉత్తరానికి వెళ్తూ పలుచగా ఉంటుంది, శరత్తులో కొవ్వు పట్టి తిరిగి వస్తుంది. ఒకే చేపకు రెండు కాలాలు, రెండు పేర్లు. 2013లో యునెస్కో జపాన్ ఆహార సంప్రదాయాన్ని గుర్తించినప్పుడు కొత్త సంవత్సర వేడుకలను ప్రత్యేకంగా పేర్కొంది. అది సబబే. కానీ ఇక్కడి వారి ఋతుజ్ఞానం చూడాలంటే జనవరి 1 కంటే ఏ ఏప్రిల్ సాయంత్రమో మామూలు కూరగాయల దుకాణానికి వెళ్లడం మంచిది.

2024 ఫిబ్రవరి 16 పాత లెక్కలో మొదటి నెల ఏడో రోజు. ముందురోజే టోక్యో చుట్టుపక్కల ఆ ఏటి తొలి వసంతపు దక్షిణ గాలి వీచిందని వాతావరణ శాఖ ప్రకటించింది. పొరుగింటి పెద్దావిడ, నేను అరకవా నది గట్టుకు వెళ్లాం. ఎండిన గడ్డి మధ్య నజునా నేలకు అతుక్కుని గుండ్రంగా ఆకులు పరిచి ఉంది. హకోబెరా గుబురుగా లేచింది. ఒడ్డున తడిచోట ఆవిడ వంగి సెరి ఆకు తుంచి, నలిపి, నా చేతికిచ్చారు. పెట్టెలో కొన్న ఆకుకు ఆ వాసన లేదు. ఏడూ దొరకలేదు, మూడే దొరికాయి. ఆ మూడింటితోనే ఆవిడ జావ కాచారు.